సాగర్‌ల ఎంతుంది?

రాత్రి పదకొండయింది, సర్కారు ఉద్యోగ పరీక్షకు చదివే మేనల్లుడి వల్లెవేత ఇంకా ఆగలేదు. "నాగార్జునసాగర్ గేట్లు? 26. ఎడమ కాలువ? లాల్ బహదూర్. కుడి కాలువ? జవహర్. తెలంగాణ జిల్లాలు? 31." ఆ చివరి జవాబు దగ్గర నాకు నిద్ర తేలిపోయింది. వాడిని ఏమీ అనలేదు. అక్క ఇప్పుడే పడుకుంది, నేను మొదలుపెడితే ఇల్లంతా లేస్తుంది. అందుకే ఇక్కడ రాస్తున్నా.

31 అన్నది ఒకప్పుడు నిజమే. 2016 అక్టోబర్ 11న పది జిల్లాలు 31 అయ్యాయి. మన నల్లగొండలోంచి సూర్యాపేట, యాదాద్రి భువనగిరి వేరుపడ్డాయి. 2019 ఫిబ్రవరి 17న ములుగు, నారాయణపేట కలిసి 33 అయ్యాయి. నారాయణపేట పాత పాలమూరులోంచే వచ్చింది. పక్కనే జిల్లా పుట్టినా వాడి చేతిలోని బిట్ బ్యాంకు (ప్రశ్న–జవాబుల పోగు) పీడీఎఫ్‌కు కబురు అందలేదు. అదే పీడీఎఫ్‌లో సాగర్ కుడిగట్టు ఇంకా గుంటూరు జిల్లాలోనే ఉంది. 2022 ఏప్రిల్‌లో పల్నాడు జిల్లా ఏర్పడ్డాక అది అటు పోయింది.

తప్పు వాడిది కాదు. ఆ పీడీఎఫ్ మీద ఎక్కడా తేదీ లేదు, నాకు ఒళ్లు మండేది అందుకే. ఎవరు తయారుచేశారో, ఏ ఏడాది చేశారో ఉండదు. ఒకరు పంపుతారు, పది గ్రూపుల్లో తిరుగుతుంది, పైన కొత్త ఏడాది పేరు అతికించి మళ్లీ వదులుతారు. జీతం రాళ్లు వదులుకొని, రూమ్ కిరాయి కట్టుకొని చదివే పిల్లల చేతికి అది పోతుంది. ఒక్క మార్కు దగ్గర వందలమంది తారుమారయ్యే పరీక్షలో దీన్ని చిన్న సంగతి అనుకోలేను.

జీకేలో కదలని సంగతులుంటాయి, కదిలేవి ఉంటాయి. సాగర్‌కు నెహ్రూ శంకుస్థాపన చేసింది 1955 డిసెంబర్ 10న. అది మారదు, పెన్నుతో రాసుకోవచ్చు. జిల్లాల సంఖ్య, పదవుల్లో ఉన్నవాళ్లు, మద్దతు ధరలు, ర్యాంకులు మారేవి. వాటిని పెన్సిల్‌తో రాసి, పక్కన నెల, ఏడాది వేయాలి. తేదీ లేని అంకెను నోటుబుక్కులోకి రానీయొద్దు. ఉద్యోగ పరీక్షలు పెట్టే రాష్ట్ర కమిషన్ టీఎస్‌పీఎస్సీ 2024లో టీజీపీఎస్సీ అయింది. కమిషన్ పేరే మారినప్పుడు పాత మెటీరియల్‌లో ఇంకేం మారలేదో చూసుకోవాలి కదా.

ఇంకో బాధ, ప్రశ్న కిందనే జవాబు ఉండటం. కన్ను ప్రశ్న మీద నుంచి జారి జవాబు మీద పడుతుంది, "ఆఁ, తెలుసు" అనిపిస్తుంది. చూస్తే గుర్తుపట్టడం వేరు, చూడకుండా చెప్పడం వేరు. అమెరికాలో రోడిగర్, కార్పికే అనే ఇద్దరు 2006లో దీన్ని పరీక్షించారు. ఒక పాఠం చదివాక కొందరు దాన్నే మళ్లీ చదివారు, కొందరు మూసేసి గుర్తున్నది రాశారు. ఐదు నిమిషాలకు అడిగితే మళ్లీ చదివినవాళ్లే పైచేయి. వారం తర్వాత అడిగితే, మూసి రాసినవాళ్లకు 56 శాతం గుర్తుంది, మళ్లీ చదివినవాళ్లకు 42. రాత్రి పదకొండింటికి వల్లెవేసినప్పుడు వచ్చే ధీమా ఆ ఐదు నిమిషాల ధీమానే.

26 గేట్ల మాట విన్నప్పటినుంచి తాత గుర్తొస్తున్నాడు. మిర్యాలగూడ దిక్కు, ఎడమ కాలువ కింద పొలం. తాతకు చదువు రాదు. పొద్దుగాల పేపర్ రాగానే ఎవరో ఒకరు చదివి వినిపించాలి. రాజకీయాలు అక్కర్లేదు. ఎక్కడో మూలకు చిన్న డబ్బాలో జలాశయాల నీటిమట్టాలు వేస్తారు, అవి చాలు. "సాగర్‌ల ఎంతుంది?" అనేవాడు. అడుగులు చెప్పగానే గడప పక్క గోడకు బొగ్గుతో గీత కొట్టేవాడు. పైన ఎర్రమట్టితో గీసిన గీత 590, అంటే నిండు సాగర్. కింద ఒకటి 510. నీళ్లు అక్కడికి దిగితే నాట్ల మాట మరిచిపోవాల్సిందే. ఎగువన ఉన్న జూరాల డ్యాముకు పెద్దగా నీళ్లు రాకున్నా దాని దిగువన శ్రీశైలం పెరుగుతోందని ఒకరోజు చదివితే, మేము తప్పు అచ్చయిందేమో అనుకున్నాం. "తుంగభద్రకెల్లి వస్తున్నయి బిడ్డా" అన్నాడు. అంతే. జూరాల దాటాక అలంపూర్ దగ్గర తుంగభద్ర కృష్ణలో కలుస్తుంది. కాబట్టి శ్రీశైలానికి రెండు దారులు, జూరాలకు ఒక్కటే. ఆ మాట మాకు అట్లాసులో దొరికే సరికి చాలా ఏండ్లు పట్టింది.

ఆ డబ్బాలో ఎంత భూగోళం ఉందో చూడండి. మహాబలేశ్వర్ దగ్గర పుట్టిన నది, కర్ణాటకలో ఆల్మట్టి, నారాయణపూర్ డ్యాములు, తర్వాత భీమను కలుపుకొని తంగిడి దగ్గర తెలంగాణలోకి. జూరాల నిండు మట్టం 1,045 అడుగులు, శ్రీశైలం 885, సాగర్ 590. అంకెలు దిగుతూ పోతున్నాయంటే నది దిగుతోందని అర్థం. 'ఎగువ నుంచి దిగువకు అమర్చండి' అనే ప్రశ్నకు ఇక బట్టీ అక్కర్లేదు. సాగర్ దాటాక వాడపల్లి దగ్గర మూసీ కలుస్తుంది, ఆ తర్వాత పులిచింతల. క్యూసెక్కు అంటే సెకనుకు ఘనపుటడుగు. టీఎంసీ అంటే వంద కోట్ల ఘనపుటడుగులు. రోజుకు 86,400 సెకన్లు కాబట్టి 11,574 క్యూసెక్కులు రోజంతా వస్తే ఒక టీఎంసీ. రెండు లక్షల క్యూసెక్కుల ఇన్‌ఫ్లో అంటే రోజుకు 17 టీఎంసీలకు పైనే. ఈ ఒక్క భాగహారం వచ్చినవాడికి వరద వార్త మొత్తం అర్థమవుతుంది. కింది మట్టంలో ఒక అడుగు పెరగడానికి సరిపోయే నీళ్లు పై మట్టంలో సరిపోవు, ఎందుకంటే జలాశయం పైకి పోయేకొద్దీ వెడల్పవుతుంది. 580 దాటాక మట్టం నెమ్మదిస్తే వరద తగ్గినట్టు కాదు.

అదే నీటి వెనకాల ఇంకో పాఠం ఉంది. 'ఫ్లోరోసిస్ – నల్లగొండ' అని బిట్ చదివి వదిలేస్తారు. నీటిలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు చెడే జబ్బు అది. మన కింద గ్రానైట్ రాయి, అందులో ఫ్లోరిన్ ఉన్న ఖనిజాలు, లోతు బోరు నీళ్లలోకి అది దిగుతుంది. తాగునీటిలో లీటరుకు 1.5 మిల్లీగ్రాములు దాటకూడదు. పటిక, సున్నం, బ్లీచింగ్ పౌడర్ వేసి కలిపి, తేర్చి, వడకట్టే పద్ధతికి 'నల్లగొండ టెక్నిక్' అని పేరు పెట్టింది నాగ్‌పూర్‌లోని నీరి అనే పరిశోధన సంస్థ. బోరు మానేసి కృష్ణ నీళ్లు ఎందుకు తెచ్చుకోవాల్సి వచ్చిందో ఇప్పుడు ఎవరూ చెప్పనక్కర్లేదు.

ఇక్కడిదాకా రాశాక, పొద్దున వాడి బిట్ బ్యాంకు అటకెక్కించమని చెబుదామనుకున్నా. ఇప్పుడు అట్లా అనిపించడం లేదు. తాతకు తుంగభద్ర తట్టిందంటే ఆ పేరు ముందే తెలుసు కనుకనే. ఆల్మట్టి, జూరాల, తుంగభద్ర మీది సుంకేశుల అనే పేర్లు నోటికి లేనివాడికి ఆ డబ్బా ఒట్టి అంకెల గుంపు. కొన్ని పేర్లు, కొన్ని ఏండ్లు బట్టీ పట్టాల్సిందే, మేకులు కొడితేనే అంగీ తగిలించగలం. కాబట్టి బిట్ బ్యాంకు ఉండనీ, వాడే తీరు మారాలి. జవాబుల మీద కాగితం పెట్టి, ముందు పది ప్రశ్నలకు తన జవాబు రాయాలి. తర్వాతే చూడాలి. తప్పిన వాటిని మాత్రమే నోటుబుక్కులోకి ఎక్కించాలి, ఎడమ పేజీలో ప్రశ్న, కుడి పేజీలో జవాబు, దాని కింద ఒక్క లైన్‌లో 'ఎందుకు'. 'ఎందుకు' రాయలేకపోతే అది ఇంకా చదవలేదన్నట్టే.

రోజుకు పది కొత్తవి, అంతకు మించొద్దు. దీని లెక్క ఎవరూ చెప్పరు. ఒక్కో ప్రశ్నను మర్నాడు, మూడో రోజు, వారానికి, నెలకు మళ్లీ చూడాలంటే, నెల తిరిగేసరికి రోజుకు పది కొత్తవి, నలభై పాతవి. అరనిమిషం చొప్పున పాతవాటికి ఇరవై నిమిషాలు. అది నడుస్తుంది. ఉత్సాహంలో రోజుకు ముప్పై పెట్టుకుంటే పాతవే 120, గంట. నెలా రెండు నెలలు లాగి, ఒకరోజు పెళ్లికో చావుకో ఊరికి పోయొస్తే 240 పేరుకుంటాయి. నోటుబుక్కు మూతపడేది అక్కడే. తప్పిపోయిన రోజు కొత్తవాటిని తిరిగి పట్టుకోవాలని చూడొద్దు. కొత్తవి రెండు రోజులు ఆపి, పేరుకున్న పాతవి పూర్తిచేయాలి. నాలుగుసార్లూ తప్పకుండా చెప్పగలిగినది కొట్టేయొచ్చు.

పేపర్‌కు ఇరవై ఐదు నిమిషాలు చాలు. చదువుతూ గీతలు గీయడం, కటింగులు దాచడం వద్దు, ఆ కట్టలు ఎవరూ విప్పరు. చదివి, మడిచి పెట్టి, తెల్ల కాగితం మీద ఐదు సంగతులు చూడకుండా రాయాలి. ఊరు పేరు వస్తే అవుట్‌లైన్ మ్యాపులో చుక్క పెట్టాలి. జిరాక్స్ షాపులో దేశం పటం, రాష్ట్రం పటం పది పది కాపీలు తీయిస్తే నెల గడుస్తుంది.

జూన్ నుంచి అక్టోబర్ దాకా నీటిమట్టాల డబ్బా. వానలు తగ్గాక అది పలచబడుతుంది, అప్పుడు మార్కెట్ ధరల కాలమ్ పట్టుకోవాలి. వడ్ల ధర పక్కన కేంద్రం ప్రకటించిన మద్దతు ధర రాసుకుంటూ పోతే ఖరీఫ్, రబీ, సేకరణ, ధాన్యం కొనే కేంద్ర సంస్థ ఎఫ్‌సీఐ అన్నీ దారిలోనే వస్తాయి. బత్తాయి మనదే అయినా దానికి మద్దతు ధర లేదు. ఎందుకు లేదో వాడినే వెతికి రాయమంటా. జిల్లాల సంగతి కూడా పొద్దున చాయ్ దగ్గర చెప్తా. ముందు రాష్ట్రం పటం ముందు పెట్టి, 33 పేర్లు చూడకుండా రాయమని.