డేగల్ని లెక్కపెట్టాలంటే మెడ గట్టిగా ఉండాలి

వసంతంలో డేగలు ఉత్తరానికి తిరిగి వెళ్తుంటే కొండ మీద కూర్చుని లెక్కపెట్టడం చాలామంది అనుకున్నంత ప్రశాంతమైన పనేమీ కాదు. గంటసేపు ఒక్క పిట్టా ఉండదు, ఆ తర్వాత ఎండకు నేల వేడెక్కి గాలి పైకి లేవడం మొదలయ్యాక ఎక్కడినుంచో యాభై డేగలు ఒక్కసారిగా వచ్చి అందులో గిరగిరా తిరుగుతూ, రెక్క ఆడించకుండానే పైకి పోతుంటాయి. అసలు టెన్షన్ అప్పుడే! ఆ సుడిలో ఉండగా లెక్కపెట్టబోతే ఒకే పక్షిని మూడుసార్లు లెక్కేస్తాం. పైకి చేరాక ఒకదాని వెనక ఒకటి వరుసగా జారిపోతాయి చూడండి, అప్పుడు లెక్కపెట్టాలి.

మబ్బుల్లేని నీలాకాశం ఫోటోలకు బాగుంటుందేమో గానీ మాకు మాత్రం శత్రువే, ఎత్తున ఉన్న పక్షి అందులో కనపడి చావదు. పల్చటి తెల్లమబ్బులుంటే నయం. దక్షిణపు గాలి వీస్తే ఇంకా మంచిది.

అమెరికాలోని పెన్సిల్వేనియాలో హాక్ మౌంటెన్ అని ఒక కొండ ఉంది. ఒకప్పుడు జనం అక్కడికి డేగల్ని కాల్చడానికే వెళ్లేవాళ్లు. 1934లో రోజలీ ఎడ్జ్ అనే ఆవిడ ఆ స్థలాన్ని లీజుకు తీసుకుని కాపలా పెట్టి ఆ వేట ఆపించింది. లెక్కలు కూడా ఆ ఏడాదే మొదలయ్యాయి. అక్కడ వసంతంలో వచ్చేవి శరత్కాలంలో కంటే బాగా తక్కువ. చలికాలం దాటలేకపోయినవి కొన్ని, వేరే దారి పట్టినవి కొన్ని. అయినా నాకు వసంతమే ఇష్టం, జనం తక్కువ కాబట్టి.