పొగ నెలలో చియాంగ్ మాయ్

ఉద్యోగ విరమణ తరువాత ఏదైనా ఉష్ణమండల దేశంలో స్థిరపడితే ఎలా ఉంటుందన్న చర్చ మా ఇద్దరి మధ్య రెండేళ్లుగా నలుగుతూ ఉండేది. నా భార్య మొదటి నుంచీ ఉత్తర థాయిలాండ్‌లోని చియాంగ్ మాయ్ వైపే మొగ్గింది. దేశదేశాల పింఛనుదారులు చాలాకాలంగా వచ్చి ఉంటున్న ఊరు అది. నేను పెట్టిన షరతు ఒక్కటే, వెళ్లేదేదో అక్కడ పొగ కమ్ముకునే మార్చిలో వెళ్లాలి. నవంబరు నుంచి జనవరి దాకా అక్కడ ఎండ నులివెచ్చగా, రాత్రులు చల్లగా ఉంటాయి. ఆ రోజుల్లో ఊరిని చూసి నిర్ణయం తీసుకోవడమంటే పెళ్లిచూపుల అరగంటలో మనిషి స్వభావాన్ని తేల్చేయడమేనని నా వాదన. ఆమె అయిష్టంగానే ఒప్పుకుంది. అలా 2024 మార్చిలో మూడు వారాల కోసం బయలుదేరాము.

బ్యాంకాక్ నుంచి చియాంగ్ మాయ్‌కి రైలు దారిన 751 కిలోమీటర్లు. విమానంలో గంటకు కాస్త ఎక్కువ పడుతుంది కానీ, మేము రాత్రి రైలు ఎక్కాము. తెల్లవారుజామున రైలు కొండల్లోకి ప్రవేశించి, 1,352 మీటర్ల పొడవున్న ఖున్ తాన్ సొరంగాన్ని దాటింది. సొరంగం అవతల ఉదయపు వెలుగు కనిపిస్తుందని కిటికీ దగ్గర కాచుకుని కూర్చున్న మాకు కనిపించింది మట్టిరంగు ఆకాశం. సూర్యుడు కుంకుమబొట్టులా ఎర్రగా, గుండ్రంగా, కంటితో నేరుగా చూడగలిగేంత మసకగా ఉన్నాడు. అందంగానే ఉందని మొదట అనుకున్నాము. స్టేషన్‌లో దిగి పది నిమిషాలు నడిచేసరికి గొంతులో గరగర మొదలైంది.

ఈ పొగకు కారణాలు ఒకటి రెండు కావు. చుట్టుపక్కల కొండల్లో మొక్కజొన్న మోళ్లను తగలబెడతారు, అడవుల్లో రాలిన ఎండుటాకులకు నిప్పు అంటుకుంటుంది, సరిహద్దు దాటి మయన్మార్, లావోస్‌ల నుంచి కూడా పొగ వస్తుంది. ఊరు కొండల నడుమ గిన్నెలాంటి లోయలో ఉండడం వల్ల, గాలి కదలని ఆ నెలల్లో వచ్చిన పొగ వచ్చినట్లే అడుగున పేరుకుపోతుంది. పశ్చిమాన 1,676 మీటర్ల ఎత్తున్న డోయ్ సుతేప్ కొండ ఊరికి దిక్సూచి వంటిదని అంటారు. మేమున్న మూడు వారాల్లో అది కనిపించింది నాలుగు రోజులే. గాలిలోని సూక్ష్మ ధూళికణాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచించిన రోజువారీ పరిమితి ఘనపు మీటరుకు 15 మైక్రోగ్రాములు, థాయ్ ప్రభుత్వం పెట్టుకున్న పరిమితి 37.5. మా గది బాల్కనీలో నిలబడి ఫోనులో చూస్తే ఆ అంకె వంద దాటిన రోజులే ఎక్కువ. స్తోమత ఉన్న పింఛనుదారులు ఫిబ్రవరి నుంచి ఏప్రిల్ దాకా దక్షిణాన సముద్రతీరానికి వెళ్లిపోతారని తెలిసింది. ఏడాదికి రెండు ఇళ్ల అద్దె కట్టే బతుకును చవక బతుకు అనడం ఎలాగో నాకు అర్థం కాలేదు.

అంతమాత్రాన ఊరికి ఆకర్షణ లేదనలేను. 1296లో మెంగ్రాయ్ రాజు కట్టించిన ఈ నగరానికి ఇప్పటికీ నలుచదరపు కందకం ఉంది. పొగ పలచబడిన ఉదయాల్లో ఆ కందకం పక్కన నడుస్తుంటే, ఏ పనీ లేకుండా బతకడానికి ఇంతకంటే మంచి చోటు ఉంటుందా అనిపించేది. షేర్ ఆటోలా నడిచే ఎర్రరంగు సాంగ్‌తేవ్ బండిని చెయ్యెత్తి ఆపి ఎక్కడికైనా వెళ్లవచ్చు. నా భార్యకు మోకాలి నొప్పి తిరగబెడితే విశ్వవిద్యాలయానికి అనుబంధంగా ఉన్న పెద్దాసుపత్రి ఉంది, ప్రైవేటు ఆసుపత్రులూ ఉన్నాయి. మేము వెళ్లిన చోట వైద్యుడు ఆదరాబాదరా లేకుండా చూశాడు. పరాయివాళ్లమని ఎవరూ చిన్నచూపు చూడలేదు.

భాష సంగతి మాత్రం వేరు. థాయ్ భాషలో స్వరస్థాయిలు ఐదు. మనకు ఎంతో ఆప్యాయమైన ‘మా’ అన్న అక్షరం అక్కడ పలికే తీరును బట్టి ‘వచ్చు’ అనీ, ‘కుక్క’ అనీ, ‘గుర్రం’ అనీ అర్థమిస్తుంది. మా ఇంటి యజమానురాలిని లోపలికి రమ్మనబోయి నా భార్య ఆమెను ఏమని పిలిచిందో తెలియదు కానీ, ఆమె చాలాసేపు నవ్వింది. మూడు వారాల ప్రయాణికులకు అది వినోదం. పదేళ్లుగా అక్కడే ఉండి, విద్యుత్ బిల్లు మీద ఏం రాసి ఉందో పక్కవారిని అడిగి తెలుసుకునే ఒక పెద్దమనిషిని చూశాక అది వినోదంగా అనిపించలేదు.

ఇక కాగితాల వ్యవహారం. యాభై ఏళ్లు నిండిన విదేశీయులు విశ్రాంత జీవితం కోసం ఉండాలంటే థాయ్ బ్యాంకులో 8,00,000 బాట్ల నిల్వ గానీ, నెలకు 65,000 బాట్ల ఆదాయం గానీ, రెండూ కలిపి ఏడాదికి ఆ మొత్తం గానీ చూపించాలి. నిల్వ చూపేవారు అనుమతి వచ్చాక మూడు నెలలు ఆ డబ్బు ముట్టుకోకూడదు, ఆ తరువాత కూడా 4,00,000కు తగ్గనివ్వకూడదు. అనుమతిని ఏటేటా 1,900 బాట్లు కట్టి పొడిగించుకోవాలి. తొంభై రోజులకొకసారి ఉంటున్న చిరునామా తెలియజేయాలి. మధ్యలో దేశం దాటవలసి వస్తే ముందుగా పునఃప్రవేశ అనుమతి తీసుకోవాలి, లేకపోతే ఉన్న అనుమతి రద్దవుతుంది. జీతానికి గానీ, ఉచితంగా గానీ పని చేయడానికి ఈ అనుమతి వీలివ్వదు. దీనికి తోడు ఆ ఏడాది జనవరి 1 నుంచి పన్ను నిబంధన మారింది. ఏడాదిలో 180 రోజులు గానీ, అంతకు మించి గానీ ఉండేవారు ఆ తేదీ నుంచి సంపాదించిన విదేశీ ఆదాయాన్ని థాయిలాండ్‌కు తెచ్చుకుంటే, అది ఏ సంవత్సరంలో తెచ్చినా పన్ను లెక్కలోకి రావచ్చు. మేము కలిసిన పింఛనుదారుల్లో సగంమంది పొగ గురించి కంటే దీని గురించే ఎక్కువ మాట్లాడారు. ఇవన్నీ అన్యాయమని నేను అనను. ఏ దేశమైనా తన ఇంట్లో ఎవరున్నారో తెలుసుకుంటుంది. అయితే డెబ్బై ఐదేళ్ల వయసులో, ఆసుపత్రి మంచం మీద ఉండగా గడువు తేదీ ముంచుకొస్తే ఎవరు వెళ్లి వరుసలో నిలబడతారన్నది నా ప్రశ్న.

ఇల్లు కొనుక్కోవడం పైకి సులువుగా కనిపిస్తుంది. విదేశీయుల పేరున భూమి ఉండకూడదు, అపార్టుమెంటు సముదాయంలో 49 శాతం విస్తీర్ణం వరకే విదేశీయులకు అమ్మవచ్చు. భూమి కావాలంటే ముప్పై ఏళ్ల కౌలు. అరవై రెండేళ్ల నాకు ముప్పై ఏళ్ల కౌలు చాలునని నేను తేలికగా అన్నాను. నా భార్య నాకంటే ఏడేళ్లు చిన్నది. ఆమె నా వైపు చూసి ఊరుకుంది.

ఆ చూపు అర్థం రెండో వారంలో తెలిసింది. మా పక్క గదిలో ఉంటున్న విదేశీ వృద్ధురాలు ఒక సాయంత్రం తన కథ చెప్పారు. అనుమతి భర్త పేరున ఉండేది, ఆమెది ఆయన ఆధారంగా ఇచ్చినది. ఆయన పోవడంతో ఆమె నివాసానికి ఆధారం పోయింది. డబ్బు ఆయన ఒక్కడి పేరున ఉన్న ఖాతాలో ఉంది. మరణవార్త అందగానే బ్యాంకు దానిని స్తంభింపజేసింది. థాయ్ భాషలో వీలునామా కూడా రాయించి ఉంచలేదు, తనను ఆస్తి నిర్వాహకురాలిగా కోర్టు నియమించే దాకా ఆమె ఎదురుచూడవలసి వచ్చింది. దుఃఖంలో ఉన్న మనిషి తన పేరున కొత్తగా 8,00,000 బాట్లు చూపించుకోవడానికి తిరిగింది. ఇదంతా ఆమె కోపం లేకుండా, పంపు మరమ్మతు గురించి చెప్పినట్లు చెప్పారు. మేము చదివిన వివరాలన్నీ ఆరోగ్యంగా ఉన్న అరవై ఏళ్ల జంట కోసం రాసినవేనని అప్పుడు గమనించాను.

మరునాడు ఆమె మమ్మల్ని లాంఫూన్‌కు పోయే పాత రోడ్డు మీదున్న విదేశీయుల శ్మశానవాటికకు తీసుకువెళ్లారు. థాయ్ రాజు చులాలోంకోర్న్ 1898లో ఇచ్చిన స్థలం అది. టేకు వ్యాపారులు, మతప్రచారకులు, వైద్యులు, ఇటీవలి పింఛనుదారులు ఒకే నేలలో ఉన్నారు. మధ్యలో విక్టోరియా రాణి విగ్రహం, ఒకప్పుడు బ్రిటిష్ కాన్సులేట్ ఆవరణలో ఉన్నదట, పొగమసకలో నల్లగా నిలబడి ఉంది. ఆ వృద్ధురాలు తన భర్త సమాధి మీది ఎండుటాకులు ఏరి, వాటిని అక్కడ కాల్చకుండా సంచిలో వేసుకున్నారు.

తిరుగు ప్రయాణంలో రైలు సొరంగం దాటక ముందే మేము ఒక నిర్ణయానికి వచ్చాము. స్థిరపడడం లేదు, రెండు నెలల టూరిస్టు వీసాతో నవంబరులో వచ్చి, పొగ మొదలయ్యే లోగా వెళ్లిపోవాలి. ఇంటి యజమానురాలికి ఫోను చేస్తే ఆమె పుస్తకంలో రాసుకుని ఆ పేజీ ఫోటో పంపింది. అందులో 2567 అని చూసి నా భార్య కంగారు పడింది. అది బౌద్ధ శకం, మన లెక్కకు 543 ఏళ్లు ఎక్కువ.

ఆ అక్టోబరులో పింగ్ నది మునుపెన్నడూ లేని విధంగా 5.30 మీటర్లకు పొంగి ఊరిని ముంచింది. వారం తరువాత ఇంటి యజమానురాలి నుంచి సందేశం వచ్చింది. కిందింట్లోకి నడుములోతు నీళ్లు వచ్చాయట, మా గది పైఅంతస్తులో ఉంది కాబట్టి ఏమీ కాలేదట, నవంబరు నాటికి మెట్లు కడిగించి ఉంచుతానంది.