బుక్‌మార్కులు ఇల్లు దాటిన ఏడాది

2007 వేసవిలో మా ఇంట్లో రోజుకు రెండు మూడుసార్లు కరెంటు పోయేది. యూపీఎస్ లేదు. అప్పట్లో నేను పాత పద్యాలు, పొడుపు కథలు, నిఘంటువులు, వ్యాకరణం మీద నెట్‌లో దొరికినవన్నీ పోగుచేసేవాణ్ణి. పది పదిహేను విండోలు తెరుచుకుని చదువుతుంటే టప్పున ఆరిపోయేది. మళ్ళీ ఆన్ చేసేసరికి ఏది ఎక్కడ చూశానో గుర్తుండేది కాదు. తెలుగు పేజీలే తక్కువ ఆ రోజుల్లో, ఒకటి చేజారితే మళ్ళీ దొరకడం గగనం.

ఫైర్‌ఫాక్స్ 2 అనే బ్రౌజర్ వాడితే కరెంటు పోయి వచ్చినా తెరిచిన ట్యాబులన్నీ తిరిగి వస్తాయని ఆఫీసులో ఒక కుర్రాడు చెప్పాడు. ఆ ఒక్క మాటకే మారిపోయాను. ఆరు ఎంబీ కూడా లేని ఫైలు డయలప్ మీద దిగడానికి దాదాపు అరగంట పట్టింది. మొదటిసారి తెరవగానే, పాత బ్రౌజర్లో దాచుకున్న లింకులు, అంటే బుక్‌మార్కులు, తెచ్చుకోనా అని అదే అడిగింది. సరే అన్నాను. ఫోల్డర్లతో సహా వచ్చేశాయి.

తీరా తెలుగు పేజీ తెరిస్తే గుండె జారిపోయింది. ‘స్త్రీ’ అన్న ఒక్క అక్షరం స, త, ర అని మూడు ముక్కలై, మధ్యలో పొల్లులూ చుక్కల సున్నాలూ కనిపించాయి. బ్రౌజర్‌దే తప్పనుకుని తీసేయబోయాను. అసలు సంగతి వేరు. విండోస్ ఎక్స్‌పీలో కంట్రోల్ ప్యానెల్‌కి వెళ్ళి, రీజనల్ అండ్ లాంగ్వేజ్ ఆప్షన్స్‌లో కాంప్లెక్స్ స్క్రిప్ట్ అన్న చోట టిక్కు పెట్టాలి. పెట్టగానే ఎక్స్‌పీ సీడీ అడిగింది. బీరువా అంతా గాలించి ఆ సీడీ వెతికి, వేసి, రీస్టార్ట్ చేశాను. స కింద త వత్తు, ర వత్తు వాటి చోట కూర్చుని ‘స్త్రీ’ ఒకే అక్షరమై కనిపించినప్పుడు ఎంత సంతోషమేసిందో చెప్పలేను.

ఇంకో చిక్కు మిగిలింది. అప్పుడు కొన్ని తెలుగు పత్రికలు యూనికోడ్‌లో, అంటే అన్ని కంప్యూటర్లకూ ఒకేలా అర్థమయ్యే అక్షరాల పద్ధతిలో, ఉండేవి కావు, సొంత ఫాంటుతో నడిచేవి. ఫైర్‌ఫాక్స్‌లో అవి పిచ్చి గీతల్లా కనిపించేవి. పొద్దున్నే పేపర్ చదవకపోతే నాకు తోచదు. అందుకు మందు ‘పద్మ’. నాగార్జున వెన్న గారు రాసిన ఎక్స్‌టెన్షన్, అంటే బ్రౌజర్‌కి తగిలించుకునే చిన్న ప్రోగ్రాం అది. ఆ ఫాంటు రాతను అక్కడికక్కడే యూనికోడ్‌లోకి మార్చేసేది. ఎవరో అడిగారని కాకుండా, డబ్బు తీసుకోకుండా, మన అక్షరాల కోసం ఒక మనిషి అంత పని చేసి పెట్టారు. ఆయనకు నేను ఇప్పటికీ రుణపడి ఉన్నాననే అనుకుంటాను.

ఇక పోగేసిన లింకుల సంగతి. డాలస్‌లో ఉన్న మా అక్క పిల్లలకు తెలుగు నేర్పుతుండేది. దొరికిన లింకు దొరికినట్టు మెయిల్ చేసేవాణ్ణి. ఒకరోజు ఫోన్‌లో, “ఒరేయ్, ఇలా మెయిల్లో పంపకురా, కావలసినప్పుడు ఒక్కటీ కనబడట్లేదు” అంది. అప్పుడు లింకులు నెట్‌లోనే దాచుకుని నలుగురితో పంచుకునే డెలీషియస్ అనే సైటులో ఖాతా తెరిచాను. జాషువా షాక్టర్ 2003లో మొదలుపెట్టిన ఆ సైటు అప్పటికే యాహూ చేతిలో ఉంది. ఫైర్‌ఫాక్స్ నుంచి బుక్‌మార్కుల ఫైలు తీసి అక్కడికి ఎక్కించాను. బ్యాంకు పేజీలూ సొంత పనులవీ ముందే తీసేశాను, అది మాత్రం ఎవరైనా చెయ్యాల్సిందే.

తర్వాత ఒక్కోదానికీ ట్యాగులు, అంటే అది దేని గురించో చెప్పే చిన్న మాటలు. అక్కడ ఖాళీ వదిలితే వేరే ట్యాగు కింద లెక్క. ‘పొడుపు కథలు’ అని రాస్తే ‘పొడుపు’ ఒకటి, ‘కథలు’ ఒకటి అయ్యాయి. మధ్యలో గీత పెట్టి కలిపి రాయడం అలవాటు చేసుకున్నాను. రెండు వారాలు రాత్రిళ్ళు అదే పని. అక్క కూడా ఖాతా తెరిచింది. ట్యాగుల్లో ఫర్ అని రెండు చుక్కలు పెట్టి ఆమె పేరు రాస్తే లింకు నేరుగా ఆమెకు చేరేది. ఆమె దగ్గర్నుంచి నాకూ వచ్చేవి.

నేను ఊహించనిది ఇంకొకటి జరిగింది. ఆంధ్రభారతి అనే తెలుగు సాహిత్యం సైటులో ఒక పేజీ దాచుకుంటే, అదే పేజీని నాకంటే ముందే దాచుకున్న ఇంకో ఇద్దరు కనిపించారు. ఒకరి జాబితా తెరిచాను. నలభై దాకా తెలుగు లింకులు, సగం నేను ఎప్పుడూ చూడనివి! ఆయనెవరో ఏ ఊరో తెలియదు. ఇన్నాళ్ళూ ఇవన్నీ నేనొక్కణ్ణే వెతుకుతున్నాననుకున్నాను. ఆ రాత్రి రెండింటి దాకా ఆ లింకులే చదువుతూ కూర్చున్నాను.

2017లో పిన్‌బోర్డ్ అనే అలాంటిదే ఇంకో సైటు డెలీషియస్‌ను కొనుక్కుంది, కొత్తవి చేర్చే వీలు ఆగిపోయింది. నా జాబితా అంతకుముందే ఫైలుగా దించుకున్నాను. మీరూ ఆ పని చేసి పెట్టుకోండి, ఏ సైటులో దాచినా సరే. మామూలు హెచ్‌టీఎంఎల్ ఫైలు అది. నోట్‌ప్యాడ్‌లో తెరిస్తే మొదటి వరుసలో ఇప్పటికీ నెట్‌స్కేప్ పేరు ఉంటుంది. ఆ బ్రౌజర్ పోయినా, అది పెట్టిన పద్ధతినే ఫైర్‌ఫాక్స్, క్రోమ్ నేటికీ చదువుతున్నాయి.

మొన్న కొత్త ల్యాప్‌టాప్ కొని ఆ ఫైలు ఎక్కించాను. చాలా పేజీలు ఇప్పుడు తెరుచుకోవట్లేదు. ‘అక్క పంపింది, పొడుపు కథలు’ అని రాసి పెట్టుకున్నది మాత్రం తెరుచుకుంది.