మాత్ర ఆపాక వచ్చిన 5.7

హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే రక్తపరీక్ష) 6.2, ఫాస్టింగ్ షుగర్ 114. అతిదాహం లేదు, నీరసం లేదు, ఒంట్లో ఏ ఇబ్బందీ లేదు, అందుకే మొదటి రెండు రోజులూ ల్యాబ్‌లో ఎవరి శాంపిలో నాదనుకున్నారని గట్టిగా నమ్మాను. హెచ్‌బీఏ1సీ 5.7 నుంచి 6.4 దాకా ప్రీడయాబెటిస్, అంటే డయాబెటిస్‌కు ముందు దశ, 6.5 వస్తే డయాబెటిస్ అని తెలిశాక నా బుర్రకు తట్టిన మొదటి ఆలోచన, ఇంకా 0.3 ఉందిగా అని!

డాక్టర్ మూడు నెలలు టైమిచ్చారు. ఎర్ర రక్తకణాలు సుమారు 120 రోజులు బతుకుతాయి, వాటికి అంటుకున్న గ్లూకోజ్‌నే ఈ పరీక్ష కొలుస్తుంది, కాబట్టి తొందరపడి నెలకే చేయించుకుంటే మార్పు పూర్తిగా కనిపించదన్నారు. రక్తహీనత ఉంటే ఈ అంకె తప్పుగా రావొచ్చని హిమోగ్లోబిన్ కూడా చూశారు. అది బాగానే ఉంది. దాంతో నా చివరి సాకు కూడా పోయింది.

ఇక నేను అన్నీ ఒకేరోజు మొదలుపెట్టాను. తీపి బంద్, రాత్రి తిండి బంద్, తెల్లవారకముందే లేచి పరుగు. ఐదో వారానికి మోకాలు పట్టేసింది, ఆకలికి ఇంట్లో అందరి మీదా అరుస్తున్నాను, ఒక అర్ధరాత్రి లైటు కూడా వేయకుండా వంటింట్లో నిలబడి తిన్నాను (ఏం తిన్నానో, ఎంత తిన్నానో అడక్కండి). మూడు నెలల తర్వాత రిపోర్టు: 6.3.

అప్పుడు మెట్‌ఫార్మిన్ రాశారు. ఆ చీటీ వారం రోజులు జేబులోనే ఉంది. మాత్ర మొదలైతే ఇక షుగర్ పేషెంట్ అయిపోయినట్టేనని నా భయం. వెళ్లి అదే అడిగితే, లివర్ అవసరానికి మించి వదిలే గ్లూకోజ్‌ను ఇది తగ్గిస్తుందని, ఇదొక్కటే వాడితే షుగర్ మరీ పడిపోవడం అరుదని చెప్పారు. అమెరికాలో 3,234 మంది మీద చేసి 2002లో ప్రచురించిన డయాబెటిస్ ప్రివెన్షన్ ప్రోగ్రామ్ గురించి కూడా చెప్పారు. ప్రీడయాబెటిస్ డయాబెటిస్‌గా మారే అవకాశం అలవాట్లు మార్చుకున్న వాళ్లలో 58 శాతం, మెట్‌ఫార్మిన్ వాడిన వాళ్లలో 31 శాతం తగ్గిందట. వయసు తక్కువ, బరువు ఎక్కువ ఉన్న వాళ్లకు మాత్ర బాగా పనిచేసింది, 60 దాటిన వాళ్లకు పెద్దగా లేదు.

ఆ 58 చూసి ముందు సిగ్గేసింది, వాళ్లు చేశారు నేను చేయలేకపోయానని. తర్వాత వివరాలు చదివితే, వాళ్లకు లక్ష్యం పెట్టింది బరువులో 7 శాతం తగ్గడం, వారానికి 150 నిమిషాల నడక, అంతే. పైగా ఒక్కొక్కరినీ కూర్చోబెట్టి 16 పాఠాలు చెప్పారు, తప్పితే మళ్లీ దారిలో పెట్టడానికి పక్కన ఒక మనిషి ఉన్నారు. "లైఫ్‌స్టైల్ మార్చుకోండి" అని అర నిమిషంలో చెప్పి పంపించేస్తే మన చేతికొచ్చేది అదే వైద్యం కాదు కదా.

84 కిలోల నాకు 7 శాతం అంటే దాదాపు 6 కిలోలు. పరుగు మానేసి, తిన్న వెంటనే 15 నిమిషాలు నడవడం మొదలుపెట్టాను. పని చేసే కండరం ఇన్సులిన్ పెద్దగా లేకపోయినా రక్తంలోంచి గ్లూకోజ్ లాక్కుంటుందని విన్నప్పుడు నమ్మలేదు, షుగర్ మీటర్ కొన్నాక నమ్మాను: అదే భోజనం, గంట తర్వాత కూర్చుంటే 178, నడిస్తే 146. ఇదేం పరిశోధన కాదు, నా వేలు, నా పిచ్చి. కానీ ఏ ఉపదేశమూ చేయని పని ఆ రెండు అంకెలు చేశాయి. తిండిలో మార్చింది తక్కువే. కూరగాయలు, ప్రోటీన్ ముందు తిని పిండిపదార్థాన్ని చివరికి నెట్టాను, అది దానంతటదే తగ్గింది. నిద్ర తక్కువైన మర్నాడు ఫాస్టింగ్ పెరగడం కూడా మీటరే చూపించింది. నిద్ర సంగతి ఇప్పటికీ పూర్తిగా సరిచేసుకోలేదు.

మాత్ర మొదటి రెండు వారాలూ కడుపును తిప్పేసింది. భోజనంతో వేసుకోవడం, నెమ్మదిగా కరిగే రకానికి మారడంతో సర్దుకుంది. ఎక్కువ కాలం వాడితే విటమిన్ బీ12 తగ్గొచ్చని ఆ పరీక్ష కూడా చేయించారు.

తొమ్మిది నెలలకు బరువు 78, హెచ్‌బీఏ1సీ 5.5. రివర్స్ అయిపోయిందని ఇంట్లో అందరికీ చెప్పేశాను. డాక్టర్ మాత్రం, మాత్ర వేసుకుంటూ వచ్చిన 5.5లో మీ వాటా ఎంతో, దాని వాటా ఎంతో ఆపితే గానీ తెలియదన్నారు. ఆవిడ చెప్పాకే ఆపాను, సొంతంగా కాదు.

మూడు నెలల తర్వాత 5.7, సరిగ్గా గీత మీద. మాత్ర మళ్లీ రాయలేదు, ఇంకో మూడు నెలలు చూద్దామన్నారు. ఈ నెల మధ్యాహ్నం నడక నాలుగు రోజులు ఎగ్గొట్టాను, రాసి పెట్టుకున్నాను.