గోదావరి చెప్పలేదు, లేళ్ళు చెప్పాయి

రామాయణ పారాయణ చేసేవాళ్ళలో చాలామంది అరణ్యకాండలో ఒకచోటికి రాగానే గబగబా పేజీలు తిప్పేస్తారు. రావణుడు సన్యాసి వేషంలో వాకిట్లోకి వచ్చాడో లేదో, "అమ్మవారి కష్టం ఇంట్లో చదవకూడదమ్మా, అశుభం" అని పుస్తకం మూసి నేరుగా సుందరకాండకి వెళ్ళిపోతారు. మొన్న మా పారాయణ బృందంలోనూ అదే జరిగింది. నాకు కోపం వచ్చింది, ఆ మాట అక్కడే అన్నాను. ఒక ఆడకూతుర్ని ఎత్తుకుపోతుంటే ఎవరు చూశారు, చూసినవాళ్ళు ఏం చేశారు అన్నది వాల్మీకి మహర్షి ఒక్కొక్కరి పేరునా రాసిపెట్టాడు. అది చదవడం అశుభం ఎలా అవుతుంది? రోడ్డు మీద ఎవరినో కొడుతుంటే ఆగాలా, మన దారిన మనం పోవాలా అని తేల్చుకోలేక నిలబడిపోయే మనలాంటి వాళ్ళ కోసమే ఆ సర్గలు ఉన్నాయని నా నమ్మకం.

రావణుడి చేతుల్లో ఉన్న తల్లి మొదట రాముణ్ణి, లక్ష్మణుణ్ణి పిలిచింది. వాళ్ళు వినపడేంత దూరంలో లేరు. అప్పుడు చుట్టూ చూసింది. పూసిన కొండగోగు చెట్లకి చెప్పింది. హంసలు, బెగ్గురుపక్షులు కూస్తున్న గోదావరికి నమస్కరించి చెప్పింది. వనదేవతలకి, అడవిలోని మృగాలకి, పక్షులకి చెప్పింది. ఏమని? "క్షిప్రం రామాయ శంస త్వం సీతాం హరతి రావణః." సీతను రావణుడు ఎత్తుకుపోతున్నాడు, వెంటనే రాముడికి చెప్పు. అంతే. నా కోసం రావణుడితో యుద్ధం చెయ్యమని ఆ అడవిలో ఆమె ఎవరినీ అడగలేదు. నా దృష్టిలో మొత్తం ఘట్టానికి కీలకం ఇక్కడే ఉంది. అంత ఆపదలో కూడా ఆ తల్లి ఎవరి శక్తికి మించింది వాళ్ళ నెత్తిన పెట్టలేదు. చెట్టు మీద ఉన్న జటాయువు కనపడితే, వీడు బలవంతుడు, ఆయుధాలున్నవాడు, నువ్వు ఆపలేవు, జరిగింది జరిగినట్టు రాముడికీ లక్ష్మణుడికీ చెప్పు చాలు అంది.

తరవాత ఏమైందో చూడండి. రాముడు వచ్చాడు, పర్ణశాల ఖాళీగా ఉంది. వెతికి వెతికి గోదావరి దగ్గరికి వచ్చి అడిగాడు. గోదావరి చెప్పలేదు. పక్కనున్న ప్రాణులన్నీ కూడా చెప్పమని ఆమెను తొందరపెట్టాయి. అయినా చెప్పలేదు. మహర్షి కారణం దాచలేదు. రావణుడి రూపం, వాడు చేసే పనులు తలుచుకుని, భయంతో చెప్పలేదు అని రాశాడు.

గోదావరి ఒడ్డున పుట్టి పెరిగినదాన్ని. రోజూ దీపం పెట్టి దణ్ణం పెట్టుకునే తల్లి ఆమె. నాసిక్ వాళ్ళు పంచవటి మాది అంటారు, మనం భద్రాచలం దగ్గర పర్ణశాల చూపిస్తాం. రెండు చోట్లా పారేది ఆమే. ఆమె భయపడింది అని మొదటిసారి శ్రద్ధగా చదివినప్పుడు గుండె కలుక్కుమంది. తరవాత తరవాత అదే పెద్ద ఊరటైంది. సహ్యాద్రిలో పుట్టి సముద్రం దాకా పారే మహానది కూడా ఒక దుర్మార్గుణ్ణి తలుచుకుని నోరు విప్పలేకపోయింది. భయం మహామహులకే తప్పలేదు. మన కళ్ళ ముందు ఎవరినో కొడుతుంటే కాళ్ళు వణికాయంటే, గొంతు పెగల్లేదంటే, దానికి మనం పిరికిముండావాళ్ళమని పేరు పెట్టుకోనక్కర్లేదు.

అయితే ఆ సర్గ అక్కడితో అయిపోలేదు. రాముడు గొంతు పూడుకుపోతూ "సీత ఎక్కడ?" అని లేళ్ళని అడిగాడు. అవి చటుక్కున లేచాయి. అన్నీ దక్షిణం వైపు తిరిగాయి. ఆకాశం వైపు చూపించాయి. అటు నడుస్తూ, ఆగి వెనక్కి రాముడి వంక చూస్తూ, మళ్ళీ అటే నడిచాయి. లక్ష్మణుడికి అర్థమైంది. "అన్నయ్యా, ఇవి దక్షిణం వైపు చూపిస్తున్నాయి, అటు వెళ్దాం" అన్నాడు. లేళ్ళకి మాట రాదు. పులి వస్తే పరిగెత్తడం తప్ప మరో బలం లేదు. సీతమ్మతో చుట్టరికం లేదు, జటాయువుకున్నట్టు దశరథుడితో స్నేహమూ లేదు. జటాయువంటే "నువ్వు లేనప్పుడు సీతను నేను చూసుకుంటాను నాయనా" అని రాముడికి ముందే మాట ఇచ్చినవాడు. లేళ్ళు ఎవరికీ మాటివ్వలేదు. అయినా తమకు చేతనైన ఒక్క పని చేశాయి. ఎటు వెళ్ళాడో చూపించాయి.

జటాయువు యుద్ధం గురించి మీకు చెప్పక్కర్లేదు. విల్లు విరగ్గొట్టాడు, రథం కూల్చాడు, చివరికి రెక్కలు పోగొట్టుకున్నాడు. కానీ ఆ రెక్కల దగ్గరే మనం ఏడ్చి లేస్తాం. అంతకుముందు ఒక సర్గ నిండా ఆయన మాట్లాడిన మాటలు ఎవరూ తలుచుకోరు. నిద్దట్లో ఉన్నవాడు కేక విని లేచాడు. లేచి మీద పడలేదు. ముందు తన పేరు చెప్పాడు. నేను జటాయువుని, గృధ్రరాజుని, అంటే గద్దల రాజుని అన్నాడు. ఈమె ఎవరో చెప్పాడు. నీ భార్యను ఎలా కాపాడుకుంటావో పరుల భార్యనూ అలాగే కాపాడాలి, నువ్వు చేసేది తప్పు అని మర్యాదగానే చెప్పాడు. నాకు అరవై వేల ఏళ్ళు, ముసలివాణ్ణి, నువ్వు యువకుడివి, విల్లుంది, రథముంది, కవచముంది, అయినా నా కళ్ళ ముందు ఈమెను తీసుకుని క్షేమంగా పోలేవు అన్నాడు. "ముహూర్తం తిష్ఠ రావణ", కాసేపు ఆగు అన్నాడు. రాజకుమారులు దూరం వెళ్ళిపోయారే, నేనేం చెయ్యగలను అని మనం అనుకునే మాట కూడా ఆయన పైకే అనుకున్నాడు. అనుకుని ఊరుకోలేదు. పేరు చెప్పడం, తప్పుని తప్పు అని గట్టిగా అనడం, ఆలస్యం చెయ్యడం, ఇవన్నీ అయ్యాకే ముక్కూ గోళ్ళూ.

ఆ పైన ఆయనకి దక్కిన మొదటి బహుమానం ఏమిటో తెలుసా? అనుమానం. నెత్తురోడుతున్న జటాయువుని చూసి సాక్షాత్తూ రామచంద్రుడే "వీడే సీతను తిన్నాడు" అని బాణం ఎక్కుపెట్టాడు. మనం మధ్యలోకి వెళ్తే పోలీసులు మనల్నే అనుమానిస్తారు, స్టేషన్ల చుట్టూ తిరగాలి అని టెన్షన్ పడతాం కదా, ఆ పక్షిరాజుకి అంతకన్నా పెద్ద అనుమానం ఎదురైంది. ఆయన నొచ్చుకోలేదు. "ఆయుష్మంతుడా" అని పిలిచాడు. నెత్తురు కక్కుతూ, నువ్వు వెతుకుతున్న దేవినీ నా ప్రాణాలనూ రెండిటినీ రావణుడు ఎత్తుకుపోయాడు అని చెప్పాడు. దక్షిణం వైపు వెళ్ళాడన్నాడు. విశ్రవసుడి కొడుకు, కుబేరుడి తమ్ముడు అంటూ ఉండగానే ప్రాణం పోయింది. తల్లి అడిగిన సాక్ష్యం చెప్పడానికే అంతసేపు ప్రాణం నిలుపుకున్నాడనిపిస్తుంది నాకు.

ఇంకొకడున్నాడు. ప్రవచనాల్లో అతని పేరు దాదాపు వినపడదు. సుపార్శ్వుడు, సంపాతి కొడుకు, అంటే జటాయువుకి అన్నకొడుకు. కిష్కింధకాండ 59వ సర్గలో సంపాతి ఇతని కథ చెబుతాడు. తండ్రికి ఆహారం కోసం మహేంద్రగిరి కనుమకి అడ్డంగా నిలబడి ఉన్నాడు. కాటుక కుప్పలా నల్లగా ఉన్నవాడొకడు, ఉదయించే సూర్యుడిలా వెలిగిపోతున్న స్త్రీని తీసుకుని అటుగా వచ్చాడు. సుపార్శ్వుడికి వాళ్ళెవరో తెలియదు. రావణుడు వినయంగా, మెత్తగా దారి ఇమ్మని అడిగాడు. మంచిగా మాట్లాడేవాణ్ణి ఎవరైనా కొడతారా అనుకుని సుపార్శ్వుడు పక్కకి తప్పుకున్నాడు. తరవాత సిద్ధులు చెబితే తెలిసింది వాళ్ళెవరో. ఆమె నగలు జారిపోయి ఉన్నాయి, జుట్టు విరబోసుకుని ఉంది, రామా, లక్ష్మణా అని ఏడుస్తోంది. అన్నీ చూశాడు. కానీ విన్నది మాత్రం వాడి మెత్తని మాటే. జటాయువుని చంపినంత బలవంతుడు, ఇక్కడ మర్యాద మాటతో పని కానిచ్చుకున్నాడు.

ఈ సర్గ నాకు బాగా తలకెక్కింది ఒక సాయంత్రం రాజమండ్రిలో ఒక బస్టాండు దగ్గర. ఒకతను ఒక అమ్మాయిని జడ పట్టుకుని ఈడ్చుకెళ్తున్నాడు. చెంప మీద కొట్టాడు. చేతిలో ఉన్న టిఫిన్ క్యారేజీ పడిపోయి పులిహోర నేలపాలైంది. ఇద్దరు ముగ్గురు మగవాళ్ళు ఏమిటయ్యా అంటూ ముందుకొచ్చారు. అతను వెంటనే చొక్కా సర్దుకుని, "ఏం లేదండీ, మా ఇంటి గొడవండీ, మీరెళ్ళండి సార్" అన్నాడు ఎంతో మర్యాదగా. వాళ్ళు ఆగిపోయారు. మొగుడూ పెళ్ళాల వ్యవహారం మనకెందుకులే అన్నారొకరు. ఇద్దరు కుర్రాళ్ళు ఫోన్లు ఎత్తి వీడియో తీస్తున్నారు. అప్పుడు అక్కడ గట్టు మీద మల్లెపూలు కట్టుకుంటున్న పెద్దావిడ దారపుండ పక్కన పెట్టి లేచింది. అతని వంక కన్నెత్తి చూడలేదు. తిన్నగా ఆ పిల్ల దగ్గరికెళ్ళి, కింద పడిన క్యారేజీ గిన్నె తీసి చేతికిస్తూ, "ఏమ్మా, ఈ అబ్బాయి నీకేమవుతాడు? ఇతనితో ఎల్తావా, ఇక్కడ నా దగ్గర కూచుంటావా?" అని అడిగింది. ఆ పిల్ల "కూచుంటానండీ" అంది. అతను ఏదో అనబోతే, "నిన్నడగలేదు బాబూ" అంది. నేనూ మరో ఇద్దరు ఆడవాళ్ళూ వెళ్ళి వాళ్ళ పక్కన కూర్చున్నాం. నేను 112కి ఫోన్ చేశాను. పోలీసులు వచ్చేదాకా ఎవరూ ఎవరినీ కొట్టలేదు. ఆ పెద్దావిడ మళ్ళీ పూలు కట్టుకుంటూనే ఉంది, ఆ పిల్ల చేత దారం పట్టిస్తూ.

సుపార్శ్వుడు ఎవరిని అడగాలో వాళ్ళని అడగలేదు. తేడా అంతా అదే. సంపాతి తండ్రి కదా, కొడుకుని వెనకేసుకురాలేదు. మైథిలిని ఎందుకు కాపాడలేదురా అని మందలించాను అని వానరులకి తానే చెప్పాడు. మనిళ్ళల్లో మగపిల్లలకి ఈ మాట చెప్పే తండ్రులు కావాలి. "గొడవల్లో తలదూర్చకురా" అని మాత్రమే చెప్పి పెంచితే రేపు వాళ్ళూ పక్కకి తప్పుకుంటారు.

కౌరవసభలో కృష్ణస్వామి చెప్పిందీ ఇదే. "దక్షు లెవ్వార లుపేక్ష సేసి రది వారల చేటగు" అన్న తిక్కనగారి పద్యం మనకి కంఠతా వచ్చు. ఆపగల సత్తా ఉండీ ఊరుకుంటే ఆ చేటు ఊరుకున్నవాళ్ళకే అని. ఆ దక్షులంటే కండలున్నవాళ్ళని అనుకుంటాం. అక్కడ కండలున్నవాళ్ళు, అస్త్రాలున్నవాళ్ళు వరసగా కూర్చునే ఉన్నారు. ఆ వేళ బస్టాండులో మాత్రం దక్షత చూపింది మల్లెపూలావిడే.

ఋష్యమూకం మీద వానరులది ఇంకో పద్ధతి. అయిదుగురు కొండ కొమ్మున కూర్చుని ఉంటే అమ్మవారు ఉత్తరీయంలో నగలు మూటగట్టి వాళ్ళ మధ్యకి జారవిడిచింది. వాళ్ళు రెప్ప వెయ్యకుండా చూశారు. ఆకాశంలో పోయేవాణ్ణి వాళ్ళేం చెయ్యలేరు. కానీ ఆ మూట జాగ్రత్తగా దాచి, రాముడు వచ్చిన రోజున తెచ్చి చేతికిచ్చారు. వీడియో తీసే కుర్రాళ్ళకి నేను చెప్పేది కూడా అంతే బాబూ. తీశారు, సరే. అది స్టేటస్‌లో పెట్టుకోవడానికి కాదు. ఆ పిల్ల ముఖం ఊరంతా తిప్పకండి. పోలీసులకివ్వండి.

నాకు అన్నిటికన్నా కన్నీళ్ళొచ్చే చోటు 68వ సర్గ. సీతను పోగొట్టుకున్న దుఃఖం కన్నా నా కోసం ఈ పక్షి చనిపోయిన దుఃఖం ఎక్కువగా ఉంది లక్ష్మణా అన్నాడు స్వామి. సొంత బంధువుకి చేసినట్టు దహనం చేశాడు. ఆ తరవాత అన్నదమ్ములిద్దరూ జలతర్పణం ఇవ్వడానికి ఎక్కడికి వెళ్ళారు? గోదావరికే. నోరు విప్పని అదే గోదావరికి. ఆయన శపించలేదు, నీళ్ళు ముట్టనని అనలేదు. భయంతో నోరు మూసుకున్న నది నీళ్ళనే దోసిట్లోకి తీసుకుని, భయపడక ప్రాణమిచ్చినవాడికి విడిచాడు. ఎప్పుడో ఒకప్పుడు చూస్తూ ఉండిపోయాం అని లోలోపల కుమిలిపోయేవాళ్ళు ఎవరైనా ఇది చదువుతుంటే, తల్లీ, తండ్రీ, ఈ సర్గ ఒక్కసారి చదువుకోండి. రేపు ఇంకొకరికి అక్కరొస్తే అప్పుడు లేద్దురుగాని.

2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. లక్షల మందిమి ఘాట్లలో మునుగుతాం. ఆ తోపులాటలోనూ ఎవరో ఒక పిల్ల ఏడుస్తూ ఉండొచ్చు, ఎవరో ఒక ముసలాయన్ని ఎవరో కొడుతూ ఉండొచ్చు. ఒంటరిగా మీద పడొద్దు, కత్తులున్నచోటికి అసలే వద్దు. పక్కన ఇద్దర్ని పేరు పెట్టి పిలవండి, "ఓ నీలం చొక్కా బాబూ, ఇలా రా" అనండి, అప్పుడే కదులుతారు. దెబ్బలు తింటున్న మనిషితో మాట్లాడండి, కొట్టేవాడితో కాదు. 112కి ఫోన్ చేసి ఏ చోటో, ఎంతమందో, బండి నంబరు ఏదో, ఎటు వెళ్ళారో చెప్పండి. ఆడవాళ్ళకైతే 181, పిల్లలకైతే 1098 కూడా ఉన్నాయి. పక్కింట్లో రోజూ కేకలు వినపడుతుంటే, 2005 గృహహింస చట్టం ప్రకారం బయటివాళ్ళు ఎవరైనా రక్షణాధికారికి చెప్పొచ్చు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ళ మీద కేసు ఉండదని ఆ చట్టంలోనే ఉంది.

వచ్చే శ్రీరామనవమికి మా బృందంలో అరణ్యకాండ 49 నుంచి 54 దాకా, తరవాత 64 నుంచి 68 దాకా ఒక్క శ్లోకం వదలకుండా చదవాలని పట్టుబట్టి ఒప్పించాను. కిష్కింధలో సుపార్శ్వుడి సర్గ కూడా కలుపుకున్నాం. మీ ఊళ్ళో పారాయణ పెట్టుకుంటే మీరూ వీటిని దాటెయ్యకండి, పిల్లల్ని కూడా పక్కన కూర్చోబెట్టుకోండి.