ఊరూ పేరూ లేని రాళ్లు

నా బల్ల కింద ఒక అట్టపెట్టె ఉంది. శిలాజాలు సేకరించడం మొదలుపెట్టిన తొలి రెండేళ్లలో దొరికినవన్నీ అందులోనే ఉన్నాయి. మొదట పదమూడు ఉండేవి, ఇప్పుడు పన్నెండు. ఈ ఎనిమిదేళ్లలో నా సొరుగుల్లోకి ఇంకా చాలా వచ్చి చేరాయి. అయినా నేను ఎక్కువసార్లు తెరిచి చూసేది ఆ అట్టపెట్టెనే. వాటి పేర్లు నాకు తెలుసు. ఎక్కడ దొరికాయో తెలియదు.

శిలాజాల గురించి నేర్చుకోవడమంటే పేర్లు నేర్చుకోవడమే అనుకునేదాన్ని. ఒక చేతిలో రాయి, ఇంకో చేతిలో బొమ్మల పుస్తకం. రెండూ కలిశాయంటే ఆ రోజుకి పండగే. అలా పేర్లు పట్టుకున్న పదమూడింటినీ ఒకసారి భూగర్భశాస్త్రం చెప్పి రిటైరైన మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన వాటిలో అందమైనది, ఎప్పుడో అంతరించిన సముద్రజీవి చుట్టల గుల్ల, పిడికిలంత అమ్మోనైట్‌ని తీసి, వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూశారు.

"ఎక్కడిదమ్మా ఇది?"

"ఏదో క్వారీలో, మాస్టారూ. ఆ సెలవుల్లో మూడు చోట్ల తిరిగాం."

"ఏ పొరలో ఉంది? పొరలోంచి తీశావా, కింద పడి ఉంటే ఏరావా?"

నా దగ్గర జవాబు లేదు. ఆయన దాన్ని జాగ్రత్తగా మళ్లీ పెట్టెలో పెట్టి అన్నారు: "పేరు ఎప్పుడైనా కనుక్కోవచ్చమ్మా. ఊరు పోతే మాత్రం మళ్లీ దొరకడం కష్టం."

ఆ మాట ఎంత నిజమో విలియం స్మిత్ గురించి చదివాక బాగా అర్థమైంది. 1769లో ఇంగ్లండులో పుట్టిన స్మిత్ కాలువల తవ్వకానికి సర్వే చేసే మనిషి. తవ్వుతుంటే బయటపడే రాతి పొరలను రోజూ చూస్తూ, ఏ పొరకి ఆ పొరకే ప్రత్యేకమైన శిలాజాలు ఉంటాయని గమనించాడు. 1799లో బాత్ నగరం దగ్గర బెంజమిన్ రిచర్డ్‌సన్ అనే మతాచార్యుడి శిలాజాల సేకరణ చూసి, ఏది ఏ పొరలోంచి వచ్చిందో చెబుతూ వాటిని కింది నుంచి పైకి వరసలో పేర్చి చూపించాడు. సేకరించిన రిచర్డ్‌సన్‌కే తన రాళ్లలో అంత వరస ఉందని అప్పటిదాకా తెలియదు. 1815లో స్మిత్ ఇంగ్లండు, వేల్స్‌ల భూగర్భ పటాన్ని అచ్చువేయించాడు. ఇవాళ ఒక అమ్మోనైట్‌ని చూసి అది జురాసిక్ యుగంలో ఏ భాగానిదో చెప్పగలుగుతున్నామంటే, ఎక్కడ ఏది దొరికిందో ఓపికగా రాసిపెట్టినవాళ్లు ఉన్నారు కాబట్టే.

అప్పటినుంచి నా సంచిలో సుత్తి కంటే ముందు నోట్‌బుక్కు, పెన్సిల్ ఉంటాయి. పెన్సిలే ఎందుకంటే తడి తగిలితే పెన్ను రాత చెదిరిపోతుంది. రాయి తీయకముందే ఫోటో తీస్తాను. చోటు, తేదీ రాస్తాను. సులువుగా గుర్తుపట్టగలిగే ఏదైనా పొర నుంచి అది ఎంత ఎత్తులో ఉందో, పొరలోనే ఉందా రాలి పడిందా అన్నదీ రాస్తాను. రాలిపడినది పై పొరల్లో దేన్నుంచైనా వచ్చి ఉండొచ్చు కదా, ఆ ఒక్క మాటతో దాని విలువే మారిపోతుంది. ఆ చీటీతో సహా కాగితంలో చుట్టి తెస్తాను. ఇంటికొచ్చాక రాయికి ఒక మూల తెల్లరంగు చిన్న చుక్క పెట్టి, అది ఆరాక దానిమీద నంబరు వేసి, పైన పారలాయిడ్ బి-72 అనే పారదర్శకమైన పూత పూస్తాను. మ్యూజియాల్లో వాడేది కూడా అదే. కావాలంటే ఎసిటోన్‌తో తీసేయొచ్చు, శిలాజానికి దెబ్బ తగలదు.

పేర్ల సంగతి వదిలేశానని కాదు. ఇప్పుడు బొమ్మతో పోల్చే ముందు రాయినే చూస్తున్నాను. పది రెట్లు పెద్దగా చూపించే చిన్న భూతద్దం ఒకటి ఉంటే ఎంత తేడా వస్తుందో! బ్రాకియోపాడ్‌లనే సముద్రజీవులనూ ఆల్చిప్ప జాతి జీవులనూ నేను చాలాకాలం కలిపేశాను, రెంటికీ రెండేసి చిప్పలుంటాయి మరి. తేడా అద్దంలో ఉంది. ఒక్క చిప్పని తీసుకుని నడిమధ్య అద్దం నిలబెట్టినట్టు ఊహించుకోండి. కుడి ఎడమలు ఒకేలా ఉంటే బ్రాకియోపాడ్. ఆల్చిప్పల్లో ఆ అద్దం రెండు చిప్పల మధ్య ఉంటుంది, ఒక చిప్ప ఇంకోదాని ప్రతిబింబం. ఆయిస్టర్ల లాంటివి కొన్ని ఈ పద్ధతికి లొంగవు, అయినా తొంభై పాళ్లు ఇది పనికొస్తుంది.

అమ్మోనైట్ల మీద ఆకుల అంచుల్లా మెలికలు తిరిగిన గీతలుంటాయి చూశారా, వాటిని నేను అలంకారమనుకున్నాను. అవి లోపలి గదుల మధ్య గోడలు గుల్లకి అతుక్కున్న చోట్లు. పైగుల్ల ఉన్నంతవరకు అవి కనిపించవు. గుల్ల పోయి, లోపల నిండి గట్టిపడిన మట్టి మాత్రమే మిగిలినప్పుడు బయటపడతాయి. అమ్మోనైట్లకి పాతకాలపు బంధువులైన గోనియటైట్లలో ఆ గీత సాదా వంపులతో ఉంటుంది. వాటి తరవాత వచ్చిన సెరటైట్లలో ఒక పక్క వంపులు నున్నగా ఉండి, రెండో పక్క పళ్లు వస్తాయి. జురాసిక్, క్రెటేషియస్ కాలాల వాటిలో కొమ్మలు, ఉపకొమ్మలతో చిక్కబడుతుంది. ఒక ఆదివారం మధ్యాహ్నమంతా కూర్చుని ఒకే ఒక్క గీతని పల్చటి కాగితం మీదికి ఎక్కించాను. పుస్తకంలో ఎన్నోసార్లు చదివినా తలకెక్కనిది ఆ ఒక్క పూటలో ఎక్కింది. కొత్తగా మొదలుపెట్టిన ఎవరికైనా నేను చెప్పేది ఇదే: ఫోటో ఎలాగూ తీస్తారు, బొమ్మ కూడా గీయండి. చెయ్యి కదిలితేనే కన్ను చూస్తుంది.

రెండేళ్లపాటు ఫెర్న్ ఆకు అనుకుని దాచుకున్న ఒక పలక కూడా ఉంది. నల్లగా, సన్నగా, ఎంత ముచ్చటగా ఉంటుందో. భూతద్దంలో చూస్తే నడిమి ఈనె లేదు. ఆకుల జాడా లేదు. కొమ్మలన్నీ రాతి పగులు అంచు నుంచే మొదలవుతున్నాయి. నీటితోపాటు పగుళ్లలోకి దిగిన మాంగనీసు ఆక్సైడ్ అలా కొమ్మలు కొమ్మలుగా పేరుకుంటుంది. వాటిని డెండ్రైట్లు అంటారు. మొక్క కాదని తెలిసినా దాన్ని పారేయలేదు, డెండ్రైట్ అని లేబుల్ రాసి పెట్టాను.

ట్రైలోబైట్ విషయంలో మాత్రం బాధ కలిగింది. గట్టి పెంకు, కణుపుల ఒళ్లు ఉన్న ప్రాచీన సముద్రజీవి అది. నేను డబ్బు పెట్టి కొన్న మొట్టమొదటి శిలాజం ఆ జాతిదే. పాతిక కోట్ల ఏళ్ల కిందట పూర్తిగా అంతరించిన జీవి నా అరచేతిలో ఉందని ఎంత మురిసిపోయానో. కొన్నాళ్లకి ఇంకెవరో పెట్టిన ఫోటోలో అచ్చం అదే ట్రైలోబైట్ కనిపించింది, అదే చోట విరిగిన అదే ముల్లుతో. భూతద్దం పెట్టి చూస్తే పెంకు మీద సూదిమొనంత గుండ్రటి బుడగల గుంటలు. రెజిన్‌తో పోసిన అచ్చు. గట్టి సున్నపురాయిలో దొరికే అసలు ట్రైలోబైట్లు చాలావరకు రాయిని పగలగొట్టినప్పుడే బయటపడతాయి. అందుకే అతికించిన పగులు గీత రాతిలోంచి, జీవి ఒంట్లోంచి ఒకే వరసలో సాగుతుంది. నున్నగా, ఎక్కడా మచ్చలేకుండా ఉన్నదాన్నే ఎక్కువ అనుమానించాలి.

పైరైట్ అనే ఇనుము, గంధకం కలిసిన ఖనిజం గురించి కూడా చెప్పాలి, కొన్ని శిలాజాలు దానితోనే నిండి ఉంటాయి. బంగారు రంగులో మెరిసే చిన్న అమ్మోనైట్లు మూడింటిని తేమ ఉన్న గదిలో వదిలేశాను. గాలి, తేమ తగిలి పైరైట్ రసాయనికంగా మారిపోతుంది, సల్ఫ్యూరిక్ ఆమ్లం పుడుతుంది. కొన్ని నెలల తరవాత సొరుగు తీస్తే తెల్లటి పసుపుపచ్చటి పొడి, ఘాటైన వాసన. అమ్మోనైట్లు పగుళ్లిచ్చాయి, వాటి కిందున్న లేబుళ్లు ఆమ్లం తినేసి చిల్లులు పడ్డాయి. నోట్‌బుక్కులో నంబర్లు ఉండబట్టి వాటి ఊరైనా మిగిలింది. ఒకసారి మొదలైతే పూర్తిగా నయం చేసే మార్గం లేదు. ఇప్పుడు పైరైట్ ఉన్నవన్నీ తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో గాలి చొరబడని డబ్బాల్లో ఉన్నాయి.

ఇక ఆ పదమూడో శిలాజం సంగతి. మాస్టారు మొదట చేతిలోకి తీసుకున్న అమ్మోనైట్ వెనక బొటనవేలంత రాయి అంటుకుని ఉండేది. శుభ్రం చేయాలని ఎన్నోసార్లు ఉలి కూడా తీశాను. ఒక సాయంత్రం దాన్ని భూతద్దం కింద పెడితే ఆవగింజ కంటే చిన్న గుండ్రటి గింజలు కనిపించాయి, గుత్తులుగా, ఒకదానికొకటి ఒరుసుకుని. వెచ్చటి లోతులేని సముద్రంలో అలలకి దొర్లే రేణువుల చుట్టూ సున్నం పొరలు పొరలుగా పట్టి తయారయ్యే గింజలవి. ఊయిడ్లు అంటారు. ఆ సెలవుల్లో తిరిగిన మూడు చోట్లకీ తరవాత నోట్‌బుక్కుతో మళ్లీ వెళ్లాను. ఇలాంటి రాయి ఒక్కచోటే ఉంది, క్వారీ పైభాగంలో, గజం మందం పొరగా. అక్కడి ముక్కని దీని పక్కన పెట్టి చూశాను. రంగు ఒకటే, గింజల సైజు ఒకటే.

రెంటినీ మాస్టారి దగ్గరికి తీసుకెళ్లాను. ఆయన చాలాసేపు మార్చి మార్చి చూశారు.

"రాయి అమ్మా, లేబుల్ రాయి. కానీ ముందు 'బహుశా' అని పెట్టు. ఎలా తెలిసిందో కూడా రాయి."

అలాగే రాశాను, పెన్సిల్‌తో. వెనకనున్న ఆ రాతిముక్కని అలాగే ఉంచాను.