లోపలి తడి

మళ్లీ మందు నింపి వాడుకుందామని (రీలోడింగ్) రాత్రి కడిగి ఆరబెట్టిన ఇత్తడి తూటా కేసులు, అంటే పేల్చేసిన తూటాల ఖాళీ గుల్లలు, పొద్దున బంగారంలా మెరుస్తున్నాయి. చేత్తో తడిమితే పొడిగానే ఉన్నాయి. ఎందుకో అనుమానమొచ్చి ఒకదాన్ని తువ్వాలు మీద బోర్లించి తట్టాను. నీటిచుక్క రాలింది! గుండె ఝల్లుమంది. రైఫిల్ కేసుల మెడ సన్నం కదా, లోపలి తడి ఓ పట్టాన పోదు. కేసు అడుగున ప్రైమర్ (మందుకు నిప్పంటించే చిన్న బిళ్ల) కూర్చునే గుంతలోనూ నక్కి ఉంటుంది. ఆ తడి మీదే పౌడర్ (తుపాకీ మందు) పోస్తే తూటా పేలకపోవచ్చు, అంతకంటే ఘోరం, గుండు బ్యారెల్ మధ్యలో ఇరుక్కోవచ్చు. ఆ సంగతి గమనించక ఇంకోటి పేలిస్తే ప్రాణాల మీదికే.

అలాగని మంట మీద పెట్టను. సుమారు 250 డిగ్రీల సెల్సియస్ దాటితే ఇత్తడి మెత్తబడడం మొదలవుతుంది. అడుగు మెత్తబడిన కేసు పారేయాల్సిందే. అందుకే అన్నిటినీ ఈ పనికే ఉంచుకున్న, వేడిగాలితో ఆరబెట్టే డీహైడ్రేటర్‌లో 65 డిగ్రీల దగ్గర మళ్లీ పరిచాను. మరకలు పడితే పడనీ. రీలోడింగ్ రేపు చూసుకుంటా.